రుచి చూడని సాంగ్రియా

"తొక్క తియ్యకు. గింజ మాత్రం ఒక్కటి గూడ ఉండొద్దు" అన్నాడు జితేందర్, నారింజలు కోస్తున్న భార్య భుజం మీదుగా తొంగిచూసి. సాంగ్రియా అంటే స్పెయిన్‌వాళ్ళ పానకమని, ఎర్ర వైన్‌లో పళ్ళముక్కలు నానేసి ఫ్రిజ్‌లో చల్లబరుస్తారని శ్రీవాణికి చెప్పింది ఆయనే. చెప్పింది ఒక్కసారి. అప్పట్నుంచీ మస్కట్‌లో, బౌషర్ పేటలోని వాళ్ళ ఫ్లాటుకు ఎవరొచ్చినా కలిపేది ఆమె. కలపడమే, రుచి చూడకూడదు. చెంచాతో ఆయన నోటికందిస్తే "చక్కెర తక్కువైంది" అంటాడు. వేసి మళ్ళీ అందిస్తుంది. "మనింట్ల ఆడోళ్లు ముట్టరు" అంటాడు. ఏ ఇంట్లోనట? జగిత్యాల దగ్గర ఊళ్ళో ఆయన కన్నతల్లి శాంతవ్వ నాట్లేసి వచ్చి, ముంతెడు ఈతకల్లు తాగి, మూతి తుడుచుకుని "నువ్వు గూడ జరంత తాగు బిడ్డా, ఒళ్ళునొప్పులు పోతయి" అనేది. ఆ మాట గుర్తుచేస్తే "అది ఊరు, ఇది మస్కట్" అన్నాడు. సముద్రం దాటొచ్చి మరీ అత్తకున్నపాటి స్వేచ్ఛ పోగొట్టుకోవడం ఏం చోద్యమో.

ఈసారి మాత్రం ఆమె వాదించలేదు. పక్కనే ఉన్న ఘుబ్రాలో ఒక బడివాళ్ళు లెక్కల టీచరుగా రమ్మన్నారు. రేపటిలోగా చెప్పాలి. ఆమె వీసా ఆయన పేరు మీద ఉంది, ఆయన సరేననకపోతే కుదరదు. అడిగినప్పుడల్లా "మా సార్ భోజనానికొచ్చి పోనీ, తర్వాత చూద్దాం" అంటున్నాడు. ఆ 'తర్వాత' కోసమే పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడింది. ఈ నాలుగు గోడల మధ్య ఊపిరాడటం లేదని ఎవరితో చెప్పుకుంటుంది?

సార్ పేరు ప్రభాకర్, జితేందర్‌కు ఆఫీసులో పై అధికారి. వచ్చి కూర్చోగానే సాంగ్రియా ఒక గుక్క తాగి, "హోటల్ల గూడ ఇట్ల ఉండది. ఎవరు చేసిన్రు?" అన్నాడు.

"నేనే సార్. ఆమెకు దీని వాసనే పడది" అన్నాడు జితేందర్.

సొమ్మొకడిది, సోకొకడిది. పళ్ళెం పట్టుకుని నిలబడ్డ శ్రీవాణికి ఇది కొత్తేమీ కాదు.

"మేడమ్‌కు బళ్ళె నౌకరి వచ్చిందన్నవు గద, ఏమైంది?"

"మొన్ననే ఫోన్ చేసి వద్దని చెప్పిన సార్. ఆమెకే ఇష్టం లేదు. ఇంట్లనే ఖుషీగ ఉంటదట."

మొన్ననే. అంటే నిన్న ఆమె అడిగినప్పుడూ, ఇందాక వంటింట్లో అడిగినప్పుడూ ఆయనకు తెలుసు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, ఒక గ్లాసు తీసి జగ్గులోంచి నిండా పోసుకుంది. సార్ ఎదురుగా కుర్చీలో కూర్చుని తాగింది. జితేందర్ ముఖం నల్లబడింది. సార్ వెళ్ళాక ఈ ఇంట్లో ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు.

"కలిపింది నేను సార్" అంది. "నౌకరి గూడ నేను వద్దనలే. రేపు పొద్దుగాల బడికి పోయి ఆ ముచ్చట నేనే చెప్త."