ప్లాస్టిక్ డబ్బీల్లో నాన్న నాణేలు

అన్నయ్య పదకొండు ప్లాస్టిక్ డబ్బీలను నాన్న ముందు బల్లమీద వరసగా పేర్చాడు. ఒక్కో దాంట్లో ఒక్కో నాణెం, పైన ఓ చీటీ, చీటీ మీద ఒక అంకె. అవి నాణేలను పరీక్షించే కంపెనీవాళ్ళు ఇచ్చిన మార్కులట. డెబ్బైకి అరవై దాటినవి నాలుగున్నాయని గొప్పగా చెప్పాడు.

నాన్న ఒక డబ్బీని తీసుకుని నున్నటి ప్లాస్టిక్‌ను నాలుగు వైపులా తడిమాడు.

"మూత ఎక్కడరా?"

"మూత ఉండదు నాన్నా. సీలు వేసేశారు. తెరిస్తే విలువ పోతుంది."

నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు కూడా రాలేదు.

మా నాన్న ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరు. టికెట్ల సంచిలో వింత నాణెం కనబడితే, తన జేబులోంచి అంత డబ్బు సంచిలో వేసి దాన్ని తీసుకునేవాడు. నాలుగేళ్ళ కింద చూపు పూర్తిగా పోయింది. అప్పటినుంచి వాటిని వేళ్ళతోనే చూస్తున్నాడు. అంచు గాట్లు లెక్కపెట్టి, ఎక్కడ అరిగిందో గోటితో వెతికి, ఇది ఫలానా రూటులో వానలో తడిసి ఎక్కిన ముసలామె ఇచ్చిందని చెప్పేవాడు. రోజూ పొద్దున ఓ గంట అదే పని. ఆ గంటసేపు ఆయనకు చూపు లేదంటే ఎవరూ నమ్మరు.

"ఎవర్నడిగి చేశావు?" అన్నాను.

"అడిగేదేముంది? డబ్బాలో పడి నల్లబడుతున్నాయి. ఇప్పుడివి పెట్టుబడి. ఏటా పెరుగుతాయి."

సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాక అన్నయ్యకు ఏ వస్తువు చూసినా తిరిగి అమ్మితే ఎంతొస్తుందన్నదే ధ్యాస. ఏదో ఒకరోజు తననూ అమ్మకానికి పెడతాడని వదిన అంటూ ఉంటుంది.

"నాన్న చేతి చెమట తగిలితే తగ్గుతాయా?"

"నిజంగానే తగ్గుతాయి. అయినా ఫారం నింపింది నువ్వేగా. నామీద లేస్తావేం?"

నింపింది నేనే. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఏ కాగితమొచ్చినా నా ముందుకే తోస్తారు. నెల కింద ఈ ఫారం తెస్తే, ధర కట్టించడానికే కదా అని ఆఫీసుకెళ్ళే తొందరలో నింపేశాను. 'శాశ్వత భద్రత కావాలా' అన్న గడిలో టిక్కు పెట్టాను. భద్రత వద్దని ఎవరంటారు? దాని కింద సన్నటి అక్షరాల్లో ఏముందో చదవలేదు. అంత చదువూ చదివి.

"ధర తెలుసుకుని తెచ్చిస్తానన్నావు," అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. "ఇవి నావేనని నాకెట్లా తెలుస్తుంది?"

"చీటీ మీద రాసుంది కదా నాన్నా."

"చీటీ చదువుతానా నేను?"

నేను లేచి అలమరలోంచి కటింగ్ ప్లయర్ తెచ్చాను. మొదటి డబ్బీ మూలను దాని నోట్లో పెట్టాను.

"ఏం చేస్తున్నావే? అది అరవై నాలుగు మార్కులది. నీ ఆర్నెల్ల జీతం."

"అయితే ఆర్నెల్లు పస్తుంటాను. జరుగు."

అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు. నా గాజులు చప్పుడయ్యాయి.

"దాని చెయ్యి వదులు," అన్నాడు నాన్న.

"నేను తినడానికి చేశానా నాన్నా? రేపు నీ కంటికో కాలికో డబ్బు కావాల్సొస్తే..."

"నా కంటికి డబ్బుతో పనైపోయిందిరా. వదులు."

వదిలాడు. మూల పెటుక్కుమంది. చీటీ చిరిగింది. నాణెం నాన్న అరచేతిలో వేశాను. ఆయన దాన్ని నెమ్మదిగా అంచు మీద తిప్పాడు. ఒకచోట గోరు ఆగింది.

"డిపో గేటు దగ్గర టీ కొట్టువాడు ఇచ్చింది," అన్నాడు. మొహంలో నవ్వు లేదు. చెయ్యి మళ్ళీ నా వైపు చాచాడు. "ఇంకోటి."

అన్నయ్య చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. తలుపు దడేల్మంది. నాలుగో డబ్బీకి నా అరచెయ్యి బొబ్బెక్కింది. నాన్న నన్ను ఒక్క మంచి మాటా అనలేదు. అంటాడని నేనూ అనుకోలేదు. ఐదోది అందుకున్నాను.