నలభై ఒకటో నంబరు తలుపు

ఫెడరల్ అప్పీళ్ళ కోర్టులో కేసు గెలిచిన మగాడు మా కొండల్లో ఒక్కడే ఉన్నాడు. అది నేనే. ఎత్తు పీటల మీద ముగ్గురు జడ్జీలు, ఎదురుగా వాషింగ్టన్ నుంచి దిగిన లాయరు. అందరి నోళ్ళూ మూయించి వచ్చాను. నా చదువు ఎనిమిదో తరగతి, అదీ ఒంటిగది బడిలో, పొయ్యి పక్క బల్ల మీద. నమ్మకపోతే మా ఊరి మగాళ్ళలో ఎవరినైనా అడగండి. కాకపోతే అడిగేముందు అతని టోపీ ఎక్కడుందో చూసుకోండి.

టోపీ సంగతి ముందే చెప్పాలి. డాస్ కొట్టు ముందు ఓక్ చెక్క బల్ల ఒకటుండేది. పొద్దున పశువుల పని చూసుకుని, మగాళ్ళం అక్కడ చేరేవాళ్ళం. మా తాతల నాటి నుంచీ దానికొక కట్టుబాటు. టోపీ నెత్తిమీదుంటే చెప్పేది కథ. ఎంతైనా కొయ్యొచ్చు, ఎవడూ అడ్డురాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంటే అది నిజం. ఒకరోజు ఎబర్ట్ టోపీ తీసి, తన గుర్రం చచ్చిపోయిందన్నాడు. మేం నలుగురం మారు మాట్లాడకుండా లేచి, పారలు పట్టుకుని అతని వెంట నడిచాం.

అరవై ఆరులో మా బిట్టర్‌నట్ నదికి ఆనకట్ట కడతానని ఒక కరెంటు కంపెనీ వచ్చింది. దానికి లైసెన్సు ఇవ్వాల్సింది వాషింగ్టన్‌లోని ఒక కమిషన్. నది ఎగువన జెల్మా అత్త పిండిమర ఉండేది. నాకు వరసకు ఏమీ కాదు, ఊరందరికీ అత్తే. మొగుడు పోయాక ఒంటిచేత్తో మర నడిపేది. నీటి చక్రం తిరిగితే రాయి తిరిగేది, రాయి తిరిగితే మా ఇళ్ళలో మొక్కజొన్న రొట్టె కాలేది. ఆనకట్ట వెనక నిలిచే చెరువు మరకు అరమైలు కిందే ఆగిపోతుందని కంపెనీ పటం చెప్పింది. వాళ్ళ సర్వేయర్లు వచ్చింది ఆగస్టులో. ఆగస్టులో మా నదిని కోడిపిల్ల కూడా కాలు తడవకుండా దాటుతుంది.

అత్త దగ్గర ఉన్న సాక్ష్యమల్లా మర తలుపు. నల్ల వాల్‌నట్ చెక్క. మొగుడి తాత కాలం నుంచీ, ప్రతి వసంతంలో వరద ఎంత ఎత్తుకొచ్చిందో దాని మీద కత్తితో గీత గీసి పక్కన ఏడాది చెక్కేవారు. ఎనభై ఒక్క గీతలు. కొన్ని నా గడ్డం దాకా ఉంటాయి. ఆ వరదకు ఆనకట్ట నీళ్ళు తోడైతే మర, పక్కనే ఉన్న ఇల్లు, రెండూ మునుగుతాయని అత్త వాదన.

కమిషన్ తరఫున ఒక అధికారి వచ్చి, మా బడి బాస్కెట్‌బాల్ హాల్లో విచారణ పెట్టాడు. అత్త తలుపును బందుల్లోంచి ఊడదీసి నా ట్రక్కులో వేయించింది. నలుగురం మోసుకెళ్ళి ఆయన బల్లకు ఆనించాం.

"ఇదేంటమ్మా?" అన్నాడు.

"తలుపండీ."

"అది తెలుస్తూనే ఉంది. ఎందుకు తెచ్చారు?"

"ఇక్కడ చెప్పేవన్నీ రాసుకుంటామన్నారుగా. మా నది చెప్పేది దీని మీదుంది. రాసుకోండి."

ఆయన మంచివాడే. గీతలన్నీ వంగి చూసి, ఎగ్జిబిట్ నలభై ఒకటి అని అట్టముక్క కట్టించాడు. సాయంత్రం మేం మళ్ళీ ఎత్తబోతే ఆపాడు.

"అది రికార్డులో చేరిందమ్మా. కేసు తేలేదాకా మా దగ్గరే ఉండాలి."

"మరి నా గుమ్మం?"

గుమ్మం గురించి ఆయన పుస్తకాల్లో ఏమీ లేదు.

తలుపు తర్వాత సాక్షిని నేనే. అత్తకు సాయం చేద్దామనే నిలబడ్డాను. బైబిల్ మీద ప్రమాణం చేశాను. టోపీ చేతిలో పట్టుకుని, ఆ గీతల దాకా నీళ్ళు రావడం నా కళ్ళతో చూశానని చెప్పాను. అక్కడితో దిగిపోవాల్సింది. హాలు నిండా జనం, అందరూ నావాళ్ళే, అందరి మొహాలూ నావైపే. చెయ్యి ఊరుకోలేదు, టోపీ నెత్తిన పెట్టేసింది. ఇక ఇరవై ఏడు నాటి వరదలో వాలుగ చేప ఒకటి ఆ తలుపు తోసుకుని మరలోకొచ్చి, అక్కడి పిల్లిని మింగి, తోకతో తిరగలి రాయిని మూడు రోజులు తిప్పిందనీ, ఆ వారం ఊరందరి రొట్టెలూ నీచు వాసన కొట్టాయనీ చెప్పుకుపోయాను. హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. స్టెనోగ్రాఫర్ అంతా అక్షరం పొల్లుపోకుండా కొట్టుకుంది. పాపం, ఆమె మిషన్లో టోపీకి మీట లేదు.

తొమ్మిది నెలలకు నిర్ణయం వచ్చింది. అరవై పేజీలు. కంపెనీకి లైసెన్సు ఇచ్చేశారు. మా లాయరు ఆల్డెన్ ప్రూయిట్ జీవితమంతా కంచె తగాదాల మీద బతికినవాడు. మర వాకిట్లో కూర్చుని కాగితాలన్నీ రెండుసార్లు చదివాడు.

"అత్తా, ఇందులో తలుపు లేదు. నమ్మామని లేదు, నమ్మలేదని లేదు. అసలు ఊసే లేదు."

"అయితే పై కోర్టుకెళ్ళి నేనే చెప్తా."

"అక్కడ నువ్వూ చెప్పకూడదు, నేనూ కొత్తగా చెప్పకూడదు. సాక్షులుండరు. రికార్డులో ఏముందో అదే చూస్తారు. ఆనకట్ట మంచిదా చెడ్డదా అని వాళ్ళు తేల్చరు. కమిషన్ తన ముందున్నదంతా చూసిందా, ఆలోచించి కారణం చెప్పిందా, అంతే."

అత్త తిరగలి రాయి వైపు చూసింది. "అంటే రొట్టె రుచి చూడరన్నమాట. గింజంతా రాయి కింద పడిందా లేదా అని చూస్తారు."

"అదే. నేను ముప్పై ఏళ్ళు చదివింది నువ్వు ఒక్క ముక్కలో చెప్పేశావ్." ఆల్డెన్ నావైపు తిరిగాడు. "ఒరేయ్ థర్మన్, నీ చేప కూడా రికార్డులోనే ఉంది. మూడొందల పన్నెండో పేజీ."



కేసు నడిచిన రెండు చలికాలాలూ అత్త గుమ్మానికి బొంత కట్టుకుంది. మంచు లోపలికొచ్చి పిండి మీద పడేది. కొత్త తలుపు చేసిస్తానంటే ఒప్పుకోలేదు. "నాకు తలుపుందిరా. ఇంకోటి పెట్టానంటే అది పోయినట్టు ఒప్పుకోవడమే."

పై కోర్టు విచారణకు అత్త, ఆల్డెన్, నేను ముగ్గురం నా ట్రక్కులో సెయింట్ లూయిస్ వెళ్ళాం. కోర్టు హాలు వాకిట్లో జవాను నన్నాపి, "టోపీ తీయండి సార్" అన్నాడు. లోపల చూస్తే ఒక్క తలమీదా టోపీ లేదు. అబ్బో, ఇది మన బల్ల కంటే గట్టి చోటే అనుకున్నాను. గోడకు ఆనించి మా తలుపు. వాషింగ్టన్ నుంచి రైల్లో వచ్చిందట. అత్త దాని పక్కనుంచి వెళ్తూ బంధువు భుజం తట్టినట్టు ఒకసారి తట్టింది.

అందరి నోళ్ళూ మూయించానన్నాను కదా. మూతబడిన నోరు నాదొక్కటే. వెనక వరసలో కూర్చుని, టోపీ అంచు నలిపి నలిపి పాడుచేసుకున్నాను.

ఆల్డెన్ తలుపు గురించి చెప్పి కూర్చున్నాడు. కమిషన్ లాయరు లేచాడు. సన్నగా, ఇస్త్రీ చేసినట్టున్నాడు. మూడొందల పన్నెండో పేజీ తీశాడు. నా చేపను, పిల్లిని, నీచు రొట్టెలను పొల్లుపోకుండా చదివాడు. "యువర్ ఆనర్, ఈ ఊరి సాక్ష్యం ఈ రకంగా ఉంటుంది. ఇలాంటి చోటు నుంచి వచ్చిన తలుపును నిపుణులు లెక్కచేయకపోవడంలో తప్పేముంది?"

హాల్లో నవ్వారు. నా కథకు జనం నవ్వుతుంటే, నవ్వకుండా ఉంటే బాగుండునని నాకనిపించింది అదే మొదలు. అత్త తల తిప్పలేదు. ఆ మర పోతే పోయేది నా నాలుక వల్లే.

మధ్యలో కూర్చున్న ముసలి జడ్జి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఈ మాట కమిషన్ తన నిర్ణయంలో రాసిందా?"

"విడిగా రాయలేదండి, కానీ..."

"ఏ పేజీలోనైనా ఉందా? ఈ ఊరివాళ్ళు కోతలరాయుళ్ళు, అందుకే తలుపును నమ్మం అని?"

"లేదండి."

"మరైతే అది మీ కారణం, కమిషన్ కారణం కాదు. దారిలో దొరికిన కారణం ఇక్కడ చెల్లదు. ఆ రోజు వాళ్ళేం రాశారో దానిమీదే నిలబడాలి, పడితే దానితోనే పడాలి."

"నిపుణుల అభిప్రాయాన్ని..."

"నిపుణుల పని మేం చెయ్యం. నదుల సంగతి నాకేం తెలుసు? మా ఇంట్లో కుళాయి కారితేనే బాగుచేయడం నాకు చేతకాదు. తలుపును నమ్మమనడం లేదు. చూడమంటున్నాం. చూసి, ఎందుకు కాదో చెప్పమంటున్నాం. ఏడడుగుల తలుపయ్యా, అరవై పేజీల్లో ఒక్క వాక్యానికి నోచుకోలేదా?"

తిరుగు ప్రయాణంలో నలభై మైళ్ళు దాటాక అన్నాను. "అత్తా, ఆ చేప కథ..."

"నోర్ముయ్ రా. ఆ చేప సెయింట్ లూయిస్ దాకా ఈదుకుంటూ వచ్చింది. అలిసిపోయుంటుంది. దాన్ని పడుకోనీ."

ఆల్డెన్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

మూడు నెలలకు తీర్పు వచ్చింది. లైసెన్సు రద్దు చేసి, మళ్ళీ చూడమని కేసును కమిషన్‌కే తిప్పిపంపారు. ఈసారి వాళ్ళ మనుషులు ఏప్రిల్లో వచ్చారు, నది గర్జిస్తున్నప్పుడు. వాళ్ళే కొలిచారు, కంపెనీ పటం తప్పని వాళ్ళే రాశారు. కంపెనీ ఇంకో నదిని వెతుక్కుంది. తలుపు ఇంటికొచ్చింది. అట్టముక్క విప్పబోతే అత్త విప్పనివ్వలేదు.

ఇప్పుడు నాకు ఎనభై నాలుగు. ఎబర్ట్ లేడు, ఆల్డెన్ లేడు. డాస్ కొట్టులో గాలపు ఎరలు, ఐసు అమ్ముతున్నారు. బల్ల ఏమైందో ఎవరికీ తెలియదు. అత్త పోయి పద్నాలుగేళ్ళు. చక్రానికి నాచు పట్టింది. తలుపు మాత్రం ఉంది, నలభై ఒకటి అనే అంకె వెలిసిపోయి. ప్రతి వసంతంలో వెళ్ళి గీత నేనే గీస్తున్నాను. వంగి లేవడానికి ఒక పూట పడుతుంది. పొద్దున్నే వెళ్తే చెక్కలోంచి ఇంకా పిండి వాసన వస్తుంది.

సరే, టోపీ తీస్తున్నాను. తలుపు నిజం, బొంత నిజం, జడ్జి మాటలు నిజం. కల్పించింది ఒక్కటే. ట్రక్కులో అత్త ఆ చేప మాట అనలేదు. ఇంటిదాకా నాతో ఒక్క మాటా ఆడలేదు. మర దగ్గర దిగుతూ, ఎండు ఆపిల్ ముక్కలు కూరి వేయించిన కజ్జికాయల్లాంటివి రెండు, గుడ్డలో చుట్టినవి, నా పక్కన సీటు మీద పెట్టి లోపలికెళ్ళి బొంత దించుకుంది. ఆ మాటలు తర్వాతెప్పుడో డాస్ బల్ల మీద కూర్చుని నేనే అల్లాను. అత్తకు వినిపించాను కూడా. "నేనంటే ఇంకా బాగా అనుండేదాన్ని" అంది.