పొద్దుటి రేటు

ఓడల నుంచి చమురు దింపే రేవులో ఆమె పంపు ఆపరేటరు. అందరూ ‘పంపక్క’ అనేవాళ్ళు. యూనియన్ కార్యదర్శి కూడా ఆమే. అంతకుముందు ఆ పదవిలో ఉన్నది ఆమె అన్న, వెల్డరు.

ఏడేళ్ళ కిందట జీతాల చర్చలో మేనేజరు ఆ అన్నను నలుగురి ముందు నిలబెట్టి అన్నాడు: "చమురు ధర నేను పెడతానా? బజారు పెడుతుంది. నీ జీతమూ అంతే. అందులో సగానికి పనిచేసేవాళ్ళు గేటు బయట వందమంది ఉన్నారు."

మర్నాడే ఆ వందమందిని లోపలికి పిలిచాడు. సమ్మె నీరుగారిపోయింది. అది కాగానే వాళ్ళనూ మళ్ళీ గేటు బయటికే పంపేశాడు. అన్న ఉద్యోగం ఊడింది. చుట్టుపక్కల ఏ కంపెనీలోనూ అతనికి పని దొరక్కుండా మేనేజరు ఫోన్లు చేసి మరీ చూసుకున్నాడు. వదిన కుట్టుమిషన్ మీదే ఇల్లు నడిచింది. అన్న మాట్లాడటమే తగ్గించేశాడు.

చెల్లెలు మాత్రం ఆ మాట మరిచిపోలేదు. బజారంటే ఏమిటో ఆరా తీసింది. చమురు అమ్మే దేశాలు ఒక గదిలో కూర్చుని, కుళాయి కాస్త బిగిద్దామనుకుంటే చాలు, ధర దానంతటదే లేస్తుందట. అయితే ఒకడు బిగించి పక్కవాడు వదిలేస్తే, బిగించినవాడే మునుగుతాడు. అన్న మునిగింది అందుకే.

ఆమె గేటు బయటి వందమంది ఇళ్ళకూ వెళ్ళింది. తిట్టినవాళ్ళున్నారు, మొహం మీదే తలుపేసినవాళ్ళున్నారు.

"మీ అన్న పొట్ట కొట్టింది మేమే కదమ్మా, మమ్మల్నెందుకు చేర్చుకుంటావు?" అని అడిగాడు వాళ్ళ మేస్త్రి.

"మీమీద కోపం లేదనుకోకు బాబాయ్. ఉంది. ముందు ఆ మేనేజరు వంతు కానీ."

అందర్నీ చేర్చడానికి ఐదేళ్ళు పట్టింది.

రెండు ఓడలు రేవులో, మూడోది బయట కాచుకుని ఉన్న రోజున పంపులు ఆగాయి. మేనేజరు గేటు బయటికి కబురంపాడు. ఒక్క పురుగు రాలేదు.

"ఎనిమిది శాతం పెంచుతాను," అన్నాడు పొద్దున్నే.

"ఇరవై."

"పిచ్చి పట్టిందా?" అంటూ లేచిపోయాడు. ఓడలవాళ్ళ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చి, "సరే, ఇరవై," అన్నాడు.

"ఇరవై రెండు సార్."

"ఇందాక ఇరవై అన్నావుగా!"

"అది పొద్దుటి రేటు. నేను పెడతానా సార్? బజారు పెడుతుంది."

పక్కనున్న మేస్త్రి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మేనేజరు సంతకం పెట్టాడు. ఆమె రెండో కాగితం ముందుకు జరిపింది: వెల్డరును అన్యాయంగా తీసేశామని, మళ్ళీ పనిలోకి తీసుకుంటున్నామని.

"ఇది మీరే మా ఇంటికొచ్చి ఇవ్వాలి."

"ఇక చాల్లే అమ్మాయ్," అన్నాడు మేస్త్రి చిన్నగా. ఆమె వినిపించుకోలేదు.

సాయంత్రం మేనేజరు నాలుగంతస్తులు ఎక్కి వచ్చాడు. ఆయాసపడుతున్నా ఎవరూ కుర్చీ వేయలేదు. అన్న కాగితం రెండుసార్లు చదివాడు.

"నా పేరు తప్పుపడింది. సరిచేయించి తీసుకురండి."

మేనేజరు ఆమె మొహం చూసి, మెట్లు దిగిపోయాడు. కాగితం అన్న చేతిలోనే ఉండిపోయింది. చెల్లెలు తొంగి చూసింది.

"పేరు బాగానే ఉంది కదన్నయ్యా?"

"బాగానే ఉంది. రేపు ఇంకోసారి ఎక్కనీ."

వదిన మిషన్ ఆపి ఇద్దరినీ చూసింది. "ఇప్పటికైనా మీ కడుపు చల్లబడిందా?"

"ఇంకా లేదొదినా," అంది చెల్లెలు.

మర్నాడు మేనేజరు మళ్ళీ వచ్చి తలుపు తట్టాడు. అన్న తీరిగ్గా గడ్డం గీసుకుని, మొహం కడుక్కుని, అప్పుడు తీశాడు.