బోర్లా పడిన రాయి

"వద్దు వెర్నా. ఆ దారంతా బురద. సమాధి రాయి ఫొటో దొరకలేదని సంఘానికి రాసి పంపేయ్," అన్నాడు అల్డెన్, ఆసుపత్రి మంచం మీంచి.

వెర్నా తలూపింది. మర్నాడు పొద్దున్నే అన్నయ్యకి చెప్పకుండా కారు తీసింది.

అమెరికాకి తొలి ఓడల్లో వచ్చినవాళ్ళ వారసుల సంఘం మొన్ననే ఉత్తరం రాసింది. అల్డెన్ వంశంలో పదకొండు తరాల్లో పదింటికి కాగితాలు సరిపోయాయి. మిగిలింది ఎబెనీజర్ డ్రెసర్ ఒక్కడే. ఓడ దిగిన డ్రెసర్‌కి అతను మునిమనవడని సమాధి రాయి ఫొటోతో రుజువు చేస్తే వారసత్వ సర్టిఫికెట్ ఇస్తారు. అల్డెన్‌కి డాక్టర్లు వారం గడువిచ్చారు. నలభై ఏళ్ళు వెతికిన మనిషి చేతిలో ఆ సర్టిఫికెట్ పెట్టకుండా ఎలా సాగనంపడం? ఆ నలభై ఏళ్ళూ అన్నయ్య కాగితాలు టైపు చేసింది తనే. "ఒక్క లంకె మాత్రమే మిగిలింది, ఈ చలికాలం ఆగు" అని అల్డెన్ అంటే, పెళ్ళి చేసుకుని ఒరెగాన్ వెళ్దామన్న వెండెల్‌ని ఒంటరిగా పంపేసిందీ తనే.

వెస్ట్ హార్లో ఊరి పాత సమాధులు మెర్ల్ అనే రైతు పచ్చికలో ఉన్నాయి. డ్రెసర్ల వరసలో ఒక పలక బోర్లా పడుంది.

"మా నాన్న ఉన్నప్పుడు నిలబడే ఉండేది. ఎవడో పడేశాడు," అన్నాడు మెర్ల్ గడ్డపార దూరుస్తూ. "చచ్చినోళ్ళని లేపే పనండీ ఇది. డోనట్లయినా తేవాల్సింది మీరు!"

రాయి వెల్లకిలా తిరిగింది. వెర్నా తడిగుడ్డతో మట్టి తుడిచింది.

ఎబెనీజర్. వయసు నాలుగేళ్ళు. 1736.

నాలుగేళ్ళకే పోయినవాడు ఎవరికీ తాత కాలేడు. అయినా ఆశ చావలేదు. ఆ కాలంలో పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకి పెట్టేవారు. ఇంకో ఎబెనీజర్ పుట్టే ఉంటాడు.

ఇంకా కిందికి తుడిచింది. మరో నలుగురు పిల్లలు. తల్లి. తండ్రి. అందరికీ అదే నెల, అదే వారం. అట్టడుగున ఒక వాక్యం: గొంతు జబ్బుకి ఈ ఇంట ఎవరూ మిగల్లేదు.

ఈ వంశం ఇక్కడే తెగిపోతే, మరి తమ పూర్వీకుడు ఎబెనీజర్ ఎవరు?

"ఇది మీదేనా?" రాయి కింద అణిగిపోయిన, రాళ్ళు తోమే పసుపు బ్రష్‌ని మెర్ల్ పైకి తీశాడు.

ప్లాస్టిక్ పిడి మీద వేడి సూదితో గీసిన పేరు. అల్డెన్. ముప్పై ఏళ్ళ కిందట అన్నయ్య పుట్టినరోజుకి తనే గీసిచ్చింది. ఆ ఏడే అది వాగులో పడిపోయిందన్నాడు. ఆ చలికాలమే వెండెల్ వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆ బ్రష్ తెచ్చి దుప్పటి మీద పెట్టింది. అల్డెన్ దాని పిడి మీద పేరుని వేలితో తడిమాడు.

"చదివావా?"

"అంతా చదివాను. నువ్వే బోర్లించావు కదూ?"

"ఊఁ."

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా అన్నయ్యా?"

"చెబితే వాడితో వెళ్ళిపోయేదానివి." అల్డెన్ బ్రష్‌ని దుప్పటి కిందికి తోశాడు. "ఆ ఇంట్లో ఒక్కణ్ణీ ఏం చెయ్యను?"

కిటికీ అవతల వాన మొదలైంది. వెర్నా సంఘం రాసిన ఉత్తరం నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. కోటు తీసుకుని గుమ్మం దాకా నడిచింది.

"రేపు వస్తావుగా?" వెనకనుంచి అడిగాడు అల్డెన్.

ఈ వయసులో, వానలో, ఆమెని రమ్మనేవాళ్ళు ఎవరున్నారు? ఎంత ఆలోచించినా ఒక్క పేరూ తట్టలేదు. వెర్నా కోటు కొక్కేనికి తగిలించి, వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది.