డాంబర్ గోలీలు

ఏటా చర్చిలో కోతల పండుగ ముందు బట్టలపెట్టెను ఎండలో పెట్టడం మగ్దలేనమ్మ పని. మందమర్రి క్వార్టర్ వాకిట్లో మంచం వాల్చి, పెళ్లినాటి తెల్ల పట్టుచీరను దానిమీద పరిచింది. ఇరవై ఆరేళ్లలో ఆ చీర కట్టింది మూడుసార్లు. ఎప్పుడు తీసినా మొగుడు బెంజమిన్‌ది ఒకటే మాట: "మంచి దినం రానీ, కట్టుకుందువు తియ్యే." అత్త బాలవ్వది ఇంకో మాట: "పొయ్యికాడ ఉండేదానికి పట్టెందుకు?" మంచి దినాలు వచ్చేవి. ఆ రోజూ వంట ఆమెదే కాబట్టి చీర మళ్లీ పెట్టెలోకే పోయేది, పురుగు పట్టకుండా కొత్త డాంబర్ గోలీలతో.

రాలిన గోలీలు ఏరితే రెండు తక్కువ. మంచం కింద కుక్క చింటూ మూతి నాక్కుంటోంది. బొగ్గుబాయి షిఫ్టు దిగొచ్చి బెంజమిన్ రోజూ దానికి పిప్పరమెంటు బిళ్ల విసురుతాడు. తెల్లగా గుండ్రంగా ఏది కనబడినా అది తినేదే అనుకుంటుంది పాపం. అలవాటు చేసింది ఆయన, మాటలు పడబోయేది ఈమె.

కాసేపటికే చింటూ కక్కింది, వణికింది. నోరంతా గోలీల వాసన. "పాలు తాగియ్యే, విషం ఇరుగుతది," అంది బాలవ్వ. మగ్దలేనమ్మ పాలగిన్నె పట్టుకునే పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

"పాలొద్దమ్మా! కొవ్వు తగిల్తె విషం ఇంక జల్ది ఎక్కుతది. ఎంటనే తీస్కరా."

గిన్నె దించి, చేతికందిన బట్టలో కుక్కను చుట్టి ఆటో ఎక్కింది. సగం దారిలో చూసుకుంటే అది పెళ్లిచీర. చింటూ దానిమీదే మళ్లీ కక్కింది. "కక్కు బిడ్డా, అంత కక్కు," అని తల నిమిరింది. ఇన్నేళ్లు దాచిన చీర పాడవుతుంటే దిగులుకు బదులు నవ్వొచ్చింది ఆమెకు. వెనకే ఏడుపూ వచ్చింది.

చిగుళ్లు పాలిపోయాయి, మూడు రోజులు ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం బెంజమిన్ "నీ పెట్టె వల్లనే" అనబోయి, ఆమె ముఖం చూసి, "నా పిప్పరమెంట్లతోనే అయ్యింది," అని కుక్క పక్కన చతికిలబడ్డాడు. మూడోనాడు చింటూ తోకాడిస్తే ముందు ఏడ్చింది ఆయనే. మనసున్న మనిషే, కానీ ఇంట్లో పెళ్లాం ఏం చేస్తుందో ఎన్నడూ కళ్లబడదు.

శనివారం, ఎంత ఉతికినా పచ్చమరక వదలని చీర తీగమీద ఆరుతుంటే ఆయన ప్రేమగా కొత్త గోలీల ప్యాకెట్ తెచ్చాడు. "ఈసారి పెట్టెను పైన పెడ్దం, దానికందకుండ."

"వాపసిచ్చి రా. గోలీలు పెట్టెల పడుండే చీరెకు. నేను రేపు చర్చికి గిదే కట్టుకుంట."

"మరకున్నది గదనే! రేపేం పండుగున్నదని?"

"పండుగేం లేదు. రేపు వంట నువ్వు జేస్తున్నవ్."