చుట్టాలందరికీ ఒక్క కార్డు

చెంగమ్మ ఆ పోస్టుకార్డును ముట్టుకోకుండానే చదివింది. బల్ల మీద పెట్టించి, మెడ వంచి, మూతి మూడు వంకర్లు తిప్పుతూ చదివింది. నాలుగు మూలలా పసుపు రాసిన శుభవార్తే. ఆమె తమ్ముడు మునికృష్ణకు తమిళ ఆవణి నెలలో పెళ్ళి. పెళ్ళికూతురు రాయపురం అమ్మాయి అలమేలు. తేదీ, ముహూర్తం, తొండియార్‌పేటలో పందిరి వేసే వీధి, అన్నీ వివరంగానే ఉన్నాయి. కానీ కార్డు మీద తపాలా ముద్ర లేదు. అంచుల పొడుగునా కుంకుమ బొట్లు మాత్రం ఉన్నాయి.

"ఏంది పిన్నీ ఈ బొట్లు?" అంది, కార్డు తెచ్చిన చెల్లమ్మతో. చెల్లమ్మ వాళ్ళ పినతల్లి, చింతాద్రిపేటలో ఉంటుంది.

"ఒక్కో ఇంటికి ఒక్కో బొట్టు. చూసినోళ్ళు బొట్టు పెట్టి, పక్కనుండే చుట్టాలింటికి చేర్చాల. నేను పెట్టి నీకు తెచ్చినా. నువ్వు పెట్టి సైదాపేట కుప్పుసామి మామకు పంపు. మీ తమ్ముడి యోచనే అంతా. ముందుగా తెలిస్తే హార్బరోళ్ళు లీవు అడుక్కోవచ్చు, ఖర్చూ ఉండదు గదా."

"చుట్టాలందరికీ కలిపి ఒక్క కార్డా?"

"ఒకటి చాల్లేదా? చినిగిపోకుండా ఈడిదాకా వచ్చిందిగా."

చెంగమ్మకు ఒళ్ళు మండింది. ఆమె కాపురం మైలాపూరులో. భర్త భక్తవత్సలానికి టి. నగర్‌లో పట్టుచీరల కొట్టు ఉంది. నిరుడు కూతురి పెళ్ళికి బంగారు అక్షరాలతో శుభలేఖలు అచ్చు వేయించి, ముఖం కూడా తెలియని వాళ్ళందరికీ పంపించింది. అలాంటి మనిషి తమ్ముడు, హార్బర్‌లో క్రేన్ నడిపేవాడు, ఎవరెవరి ఇళ్ళలోనో తిరిగి, ఎవరెవరి చేతుల చమురో అంటుకున్న అట్టముక్కను ఆమె గడపలోకి పంపాడు. ఎంగిలి విస్తరిలో వడ్డించినా ఇంత అవమానం ఉండేది కాదనుకుంది.

"బొట్టు పెట్టవేమే?" అంది చెల్లమ్మ.

"మా ఇంటి కుంకం ఊరికే రాలేదు" అని, పనిమనిషి పాప్పాత్తిని పిలిచి, ఆ కార్డును సైదాపేటకు తీసుకుపొమ్మంది. దాని మీద చెంగమ్మ ఇంటి బొట్టు పడనేలేదు.

ఆ సాయంత్రం కొట్టు నుంచి వచ్చిన భర్తకు కాఫీకన్నా ముందు ఈ ఘోరం అందింది.

"నా పెళ్ళికి మా నాయన జట్కా కట్టించుకొని, వెండి పళ్ళెంలో ఆకువక్క పెట్టుకొని, గడప గడపా ఎక్కి పిలిచినాడు. ఆయన కడుపున పుట్టినోడు చేసే పనేనా ఇది?"

ఆ వెండి పళ్ళెం పక్కింటివాళ్ళదని ఆమె ఎప్పుడూ చెప్పదు. భక్తవత్సలానికి తెలుసు, కానీ ఇంట్లో వేడి కాఫీ దొరకాలంటే కొన్ని సంగతులు తెలియనట్టే ఉండాలని కూడా ఆయనకు తెలుసు.

"తేదీ తెలిసింది కదా, పోదాం" అన్నాడు.

"తేదీ తెలిస్తే పిలిచినట్టా? పిలవని పేరంటానికి పొయ్యే రకమా నేను? పళ్ళెం తెచ్చి, బొట్టు పెట్టి, అక్కా రా అని పిలవాల. అప్పుడుగానీ నా కాలు ఈ గడప దాటదు."

"రాకపోతే?"

"రాకేం చేస్తాడు? ముడి ఎవురేస్తారు?"

అదీ ఆమె ధీమా. వాళ్ళ ఆచారంలో పెళ్ళికొడుకు తాళికి మొదటి ముడి వేస్తే, మిగతా రెండూ పెళ్ళికూతురి వెనక నిలబడిన ఆడబిడ్డ వేస్తుంది. మునికృష్ణకు ఉన్నది ఒకే ఒక్క అక్క. తల్లి పోయాక వాణ్ణి తన ఇంట్లో పెట్టుకొని పెంచింది కూడా ఆమే. ఆ ముడి వేయాలని చెంగమ్మకు ప్రాణం కొట్టుకుంటోంది. అందుకే భర్త కొట్టులోంచి మంచి ముదురెరుపు అరక్కు రంగు కంచిపట్టు ఏరి తెప్పించి, మడత విప్పకుండా బీరువాలో దాచుకుంది. మనసులో పెళ్ళికి ఎప్పుడో బయలుదేరింది. ఒంటిని మాత్రం మర్యాద పట్టుకుని కూర్చుంది. బతికున్నన్నాళ్ళూ కొందరికి అదే రోగం.

రోజులు గడిచాయి గానీ మునికృష్ణ రాలేదు. వాడి తెలివితేటల కబుర్లు మాత్రం వచ్చాయి. హార్బర్ గేటు దగ్గర టీ కొట్టు పలక మీద సుద్దతో పెళ్ళి తేదీ రాయించాడట. వాడి లైను ఇళ్ళలో ఉండే ఆరోగ్యమేరి ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వాకిట్లో నిలబడి ఆడవాళ్ళందరికీ చెప్పిందట. విన్నకొద్దీ చెంగమ్మ నుదురు బాదుకుంది.

"టీ కొట్టు పలకా? బజ్జీ రేటు కింద నా తమ్ముడి పెళ్ళా? ఇంక సినిమా హాల్లో స్లైడొకటే తక్కువ!"

పెళ్ళికి వారముందు చెల్లమ్మ మళ్ళీ వచ్చి, "ఈడేం చేస్తుండావే? ఆడ పసుపు దంచేదానికి మనిషి లేదు" అంది.

"నన్నెవురు పిలిచినారు?"

చెల్లమ్మ ఆమె ముఖంలోకి వింతగా చూసింది. "నిన్ను పిలిచేదేంది? ఊళ్ళోవాళ్ళని నువ్వు పిలవాల. ఇంటోళ్ళని ఎవురైనా పిలుస్తారా? సొంతింటి పెళ్ళికి నువ్వు చుట్టానివా ఏమి?"

"బయటోళ్ళకు చేసే మర్యాదలో సగమన్నా నాకు చెయ్యమను. పళ్ళెం పెట్టి పిలిస్తేనే వస్తానని చెప్పు."

చెల్లమ్మ ఆ మాట మోసుకెళ్ళింది. దానికి మునికృష్ణ నవ్వాడట. "అక్క నోరు అంతేలే పిన్నీ. ముహూర్తానికి ముందే వచ్చి, అరిటాకులు సరిగ్గా లేవని నన్నే తిడతది" అన్నాడట. ఆ నవ్వు సంగతి విని చెంగమ్మ మరీ బిగుసుకుంది. నవ్వుతాడా? చూద్దాం, పీటల మీద కూర్చున్నాక ఎవరు నవ్వుతారో అనుకుంది.

పెళ్ళినాడు తెల్లవారుజామునే తలంటుకుని, అరక్కు చీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని ముందుగదిలో కూర్చుంది. ముహూర్తం దగ్గరపడితే వాడే టాక్సీ వేసుకుని పరుగెత్తుకొస్తాడని ఆమె లెక్క. భర్త చూసి చూసి, "నేను పొయ్యొస్తా" అని ఒంటరిగా వెళ్ళాడు. వీధిలో ఏ బండి చప్పుడైనా ఆమె లేచి నిలబడింది. ఏదీ ఆగలేదు. ముహూర్తం దాటిపోయింది. దాటిపోయాక కూడా ఆమె చీర మార్చుకోలేదు.

మధ్యాహ్నం భక్తవత్సలం వచ్చి, చెప్పులు విప్పుతూనే చెప్పాడు.

"పంతులు తొందర పెడతా ఉన్నా, వాడు వాకిలి వైపే చూస్తా కూర్చున్నాడు. గట్టిమేళం రెండుసార్లు ఆపించినాడు. ఇంక పొద్దు మించిపోతుందని మీ పిన్ని ముడి వేసేదానికి వంగితే, వద్దన్నాడు. 'అక్క వెయ్యాల్సింది ఇంకొకరు వెయ్యకూడదు' అని మూడు ముళ్ళూ వాడే వేసుకున్నాడు."

"అట్లనే కావాల. ఇప్పుడు తెలిసొస్తుంది" అంది చెంగమ్మ. కానీ మొదటిసారి ఆమెకు భయం వేసింది.

రెండు రోజులకు మునికృష్ణ వచ్చాడు. పక్కన అలమేలు. అలమేలు చేతిలో తళతళలాడే ఇత్తడి పళ్ళెం, అందులో ఆకువక్క, అరటిపళ్ళు, పసుపు, కుంకుమ భరిణె. చూడగానే చెంగమ్మ భయమంతా ఎగిరిపోయి, మెడ మళ్ళీ నిటారయింది. వచ్చాడు! పళ్ళెంతోనే వచ్చాడు!

"ఇప్పుడు తెలిసొచ్చిందా మర్యాదంటే ఏందో?" అంది.

"తెలిసిందక్కా" అన్నాడు మునికృష్ణ. వాడి ముఖంలో కోపం లేదు. "ఆదివారం మా ఇంట్లో విందు. నువ్వూ, బావా తప్పకుండా రావాల. ఇన్నాళ్ళూ ఇంటిమనిషివని పిలవకుండా ఉండినా, తప్పు నాదే. ఇంకమీదట ఏ శుభకార్యమైనా అందరినీ పిలిచినట్టే నిన్నూ వచ్చి పిలుస్తా."

అలమేలు ముందుకొచ్చి, ఆమె నుదుట బొట్టు పెట్టి, తాంబూలం చేతికిచ్చింది. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. వంక పెట్టడానికి ఏమీ లేదు. చెంగమ్మ ఆ పళ్ళెంలో, తాంబూలంలో, వాళ్ళు నిలబడిన తీరులో ఏదైనా లోటు కోసం వెతికింది. దొరకలేదు.

"కూర్చోండి" అంది చివరికి. చెప్పాకగానీ వాళ్ళు కూర్చోలేదు. ఈ ఇంట్లో అడగకుండానే వంటింట్లోకి పోయి, గిన్నెల మూతలెత్తి, ఉన్నదేదో నోట్లో వేసుకునే తమ్ముడు ఇప్పుడు కుర్చీ అంచున కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అన్నం తినిపో కృష్ణా. వంకాయ పులుసు చేసినా" అంది చెంగమ్మ. మాట ఆమె నోటినుంచి అంత మెత్తగా ఎప్పుడూ రాలేదు.

"వద్దక్కా, మంచినీళ్ళు చాలు."

పాప్పాత్తి తెచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి లేచాడు. "వస్తామక్కా. ఇంకా చాలా ఇండ్లు పిలవాల" అన్నాడు.