ఎక్కువసార్లు తెరిచినవాళ్లు

పెళ్లయి నెల తిరగకముందే నాకు కోరుట్లలో ఉద్యోగం దొరికింది. పొద్దున్నే మా ఆయన ప్రేమ్‌కుమార్ బండి మీద దింపిపోతుంటే బజారంతా మమ్మల్నే చూస్తోందని మురిసిపోయేదాన్ని. ఏసీ గది, గుండ్రంగా తిరిగే కుర్చీ! ఎవరూ లేనప్పుడు ఒక చుట్టు తిరిగేదాన్ని కూడా.

అది గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఆఫీసు. జగిత్యాల, సిరిసిల్ల మొబైల్ షాపుల్లో ఓనర్ రాజేశం సార్ సంపాదించిన అడ్రసులకు నేను మెయిళ్లు పంపాలి. దుబాయిలో మంచి జీతమని నాలుగు మాటలు, కింద కొత్త డ్రస్సులో నవ్వుతున్న ఒక కూలీ ఫోటో. ఎవరు తెరిచారు, ఎన్నిసార్లు తెరిచారు, లింకు నొక్కారా లేదా, అన్నీ రిపోర్టులో కనిపిస్తాయి. తెరిచినవాళ్ల లెక్క చూపే పచ్చగీత పైకి లేస్తే నాకు పండగే.

"ఎక్కువసార్లు తెరిచినోడే ఎక్కువ తిప్పలల్ల ఉన్నోడు," అన్నాడు సార్ ఒకరోజు గుట్కా నములుతూ. "ఆనికి ఫోన్ కొట్టి వీసా రేటు పెంచి చెప్పాలె."

చెబుతూనే స్క్రీన్ మీద వేలు పెట్టాడు. ఎర్రటి మరక పడింది.

ఆ మరక కింద 'శ్రీశైలం, సిరిసిల్ల' అని ఉంది. పొద్దున, పగలు, రాత్రి తెరుస్తూనే ఉన్నాడు. లింకు మాత్రం ఒక్కసారీ నొక్కలేదు.

"మగ్గాల సాంచాలు బందైతున్నయ్ గదా, నేసెటోడు గీ మెయిల్ పట్టుకొనే కూసున్నడు. కొట్టు బిడ్డా ఫోన్."

కొట్టాను. ఆడమనిషి ఎత్తింది. ఆఫీసు పేరు చెప్పి శ్రీశైలం ఉన్నాడా అనగానే గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది.

"అక్కా, నేను ఆయన ఇంటామెను, స్వప్నను. మీ ఆఫీసోళ్లే ఆయనను దుబాయి తోలిన్రు. లగ్గమైన కొన్నొద్దులకే పోయిండు. గీ పాత ఫోన్ నాకిచ్చిండు. బతుకమ్మ ముంగట సంది ఆయన ఫోన్ కలుస్తలేదు. మీరు పంపినదాంట్ల ఫోటో ఉన్నది చూడు, గదే ఆయన. బీడీలు చేసుకుంట మల్ల మల్ల తీసి చూస్త. యాడున్నడో జెర చెప్పరాదు?"

నవ్వు ఎంత బాగుందో అని ఆ ఫోటోను అంతకుముందే మా ఆయనకు కూడా చూపించాను.

ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి సార్‌కు సంగతి చెప్పాను. ఆయన తొడ చరుచుకున్నాడు.

"వారెవ్వా! గిది మనకు తట్టనే లేదు. దుబాయి పోయినోళ్ల ఫోటోలు పెడితే ఇంటోళ్లు దినమంత తెరుస్తరు. రాయికల్ మెయిళ్లకు రాయికల్ పోరగాండ్లను పెట్టు, బోయినపల్లికి గక్కడోళ్లను."

"సార్, ఆయన ఏ కంపెనీల ఉన్నడు?"

"నాకేమెరుక? మన పని ఇమానం ఎక్కిచ్చేదాకనే."

పెళ్లి విందులో కుళ్లిన ముద్ద నోట్లో పడ్డట్టయింది. ఉమ్మడానికి చోటు లేదు. అసలు ఫోటో తెరిచాను. మెయిల్లో పెట్టింది కత్తిరించిన సగమే. పూర్తి ఫోటోలో అతని వెనక కూలీల క్యాంపు గోడకు కంపెనీ బోర్డు ఉంది, ఫోన్ నంబరుతో సహా.

"స్వప్నా, పెన్నున్నదా?"

"ఏయ్, ఏం చేస్తున్నవ్?" సార్ మీదికొచ్చాడు. ఆయన నోటి తుంపర నా చెంప మీద పడింది. తుడుచుకోకుండానే నంబరు చదివాను.

"పెన్ను లేదక్కా, బొగ్గుతోని గోడకు రాస్తున్న. మల్లొకపారి చెప్పు!"

మళ్లీ చెప్పాను. నా సొంత నంబరు కూడా రాయించి, చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

మర్నాడు స్వప్న నా సొంత ఫోన్‌కే చేసింది.

"మాట్లాడిండక్కా! పానంతోని ఉన్నడు. జీతం ఇస్తలేరట. ఫోన్ అమ్ముకొని తిన్నడట." ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "గా డ్రస్ ఆయనది కాదట. అందరిని వరుసగ నిలవెట్టి, ఒకని చెమట ఆరకముందే ఇంకొకనికి తొడిగిచ్చి ఫోటోలు దిగిన్రట. తియ్యంగనే గుంజుకున్నరట."

ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాను.

"అయినా మంచిగ నవ్విండు గదక్కా?"

"మస్తు మంచిగ నవ్విండు," అన్నాను. నోరంతా చేదుగా ఉంది.